మా అన్న లెక్కలో మొదటి డ్రమ్మరు

మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. జనగామ స్టేషనుకు అటూ ఇటూ పట్టాల మీద ఆయన పని. ఒకసారి కాజీపేటలో ఒక రిటైర్డ్ గార్డు ఇల్లు మారుతుంటే సామాను మోయడానికి సాయం పోయాడు. ఆ గార్డు అట్టపెట్టె నిండా కేసెట్లు మా నాయిన చేతిలో పెట్టాడు. టేప్‌రికార్డరు పాడైందట, బాగు చేయించే ఓపిక లేదట. అన్నీ ఇంగ్లీషు పాటలు. గిటార్లూ డ్రమ్ములూ దద్దరిల్లే రాక్ పాటలు. ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్నవి కాబట్టి ఒక్కదాని మీద కూడా పేరు లేదు. పాడేది ఎవరో, వాయించేది ఎవరో మాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అమ్మ మా ఇంటి టేప్‌రికార్డరులో ఒక పాట సగం విని, "గిదేం లొల్లి" అని బియ్యం చాట పట్టుకుని వాకిట్లోకి పోయింది. నేనూ మా అన్నా మాత్రం ఆ పెట్టె ముందు కూలబడ్డాం. అన్న మా చర్చిలో ఆదివారం డ్రమ్ములు వాయించేవాడు. నేర్పినవాళ్లు లేరు. చర్చికి ఎవరో ఇచ్చిన డ్రమ్ సెట్టు మూలన పడి ఉంటే దుమ్ము తుడిచి, తనకు తానే నేర్చుకున్నాడు. అందుకని ఆ కేసెట్లలో ఆయనకు పాట పట్టదు, గిటారు పట్టదు. వెనక కూర్చుని వాయించేవాడు ఏం చేస్తున్నాడన్నదే కావాలి.

పేర్లు తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. ఒకడు ప్రతి దెబ్బనూ ఇటుక మీద ఇటుక పేర్చినట్టు వేస్తాడు, పాట ఎంత ఊగినా వాడు ఊగడు. వాడికి మేస్త్రి అని పేరు. ఇంకొకడు కాలి కింది పెద్ద డ్రమ్మును కొడితే మా టేప్‌రికార్డరు మూత అదిరేది. వాడు ఉరుము. ఒకడికి ఎప్పుడూ తొందరే, పాట అయిపోకముందే ఎక్కడికో పోవాలన్నట్టు పరుగెత్తుతాడు. వాడు పరేషాన్. సన్నగా, మెత్తగా, ఇత్తడి తాళాల అంచుల మీద కుట్టు వేసినట్టు వాయించే మరొకడు దర్జీ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక మా పని వీళ్లకు వరుస కట్టడం. ఎవడు ముందు, ఎవడు వెనక. నాకు పరేషాన్ అంటే ప్రాణం. వాడు వాయిస్తుంటే ఒళ్లు ఊరుకోదు. అన్న ఒప్పుకునేవాడు కాదు.

"ఉరికెటోడు గొప్పోడెట్లయితడే? పాడెటామె ఊపిరి అందక సస్తున్నది, ఇనబడ్తలేదా? వానికి వాని చేతులే ముద్దు."

"మరి నీ మేస్త్రి? నిద్రొస్తది నాకు."

"నిద్రొస్తెనేంది, పడిపోవు గద. వాని మీద ఇల్లు కట్టొచ్చు."

చాలాకాలం మేస్త్రిదే మొదటి స్థానం. ఒక ఆదివారం మాత్రం అన్న ఒక పాటను పదే పదే వెనక్కి తిప్పి విన్నాడు. నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. పాడేవాడు ఒకచోట పొరపాటున ముందే అందుకున్నాడు. వెనక దర్జీ ఒక దెబ్బ మింగేసి, అతనితో పాటు కలిసి దిగాడు. అన్న చూపించేదాకా నాకు తెలియనే లేదు.

"జూసినవా? తప్పు చేసినోనికి గూడ తెల్వకుంట సర్దిండు," అన్నాడు అన్న. "కొట్టుడు అందరికొస్తది చెల్లె. ఇనుడు రాదు. ఇనెటోడే అసలైన డ్రమ్మర్."

ఆ రోజు నుంచి దర్జీ మొదటికి వచ్చాడు, మేస్త్రి రెండుకు దిగాడు. ఉరుము మూడు. నా పరేషాన్ ఎప్పటిలాగే చివర.

అన్నకు చదువు అబ్బలేదు. భూపాలపల్లిలో మా మేనమామ ఉండేవాడు. ఆయన మాట సాయంతో అక్కడి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ఒక కాంట్రాక్టరు కింద పని దొరికింది. బొగ్గు మీదున్న రాయిని పేల్చడానికి ముందు మిషనుతో లోతుగా బోర్లు వేస్తారు. ఆ మిషను దగ్గర హెల్పరు. పొద్దంతా దాని మోత, ఆపైన పేలుళ్లు. నేను నర్సు చదువు పూర్తి చేసి మహబూబాబాదులో, అంటే మా మాటలో మానుకోటలో, ఒక ప్రైవేటు దవాఖానలో చేరాను. అన్నకు పెళ్లయింది. నాయిన పోయాక అమ్మ అన్నావదినల దగ్గరే ఉంది. అన్న హన్మకొండలో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర పాత డ్రమ్ సెట్టు కొని, తన రేకుల ఇంట్లో సగం గదికి దాన్నే పరిచాడు.

కొన్నేళ్లకు నేను వెళ్లినప్పుడు టీవీ మోత వీధి మలుపు దాకా వినిపించింది. లోపల అన్న ఒక్కడే వార్తలు చూస్తున్నాడు. నేను రెండు మూడుసార్లు పిలిస్తేగాని తల తిప్పలేదు.

"చెవులు చూపించుకోరాదే అన్నా."

"ఏమైంది చెవులకు? కీచురాళ్ల లెక్క జర మోత, గంతే. అందరికున్నదే."

"అందరికున్నదని ఊకుంటరా? వరంగల్‌ల మంచి డాక్టరున్నడు, నేను తోల్కపోత."

"పోతె ఏం రాస్తడు వాడు? చెవిటోడని రాస్తడు. గా సంగతి కాంట్రాక్టరుకు తెలిస్తె తెల్లారి రావద్దంటడు." అని డ్రమ్ముల ముందు కూర్చుని నాకు ఏదో వాయించి చూపించాడు. బాగానే వాయించాడు. కాస్త గట్టిగా కొడుతున్నాడనిపించింది. తరవాత కూడా చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ ఇదే జవాబు.

అప్పటికే ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మళ్లీ లేచింది. ఊరూరా సభలు, పాటలు. అన్న గని పని లేని రోజుల్లో పాటల బృందంతో తిరగడం మొదలుపెట్టాడు. ట్రాక్టరు ట్రాలీ మీద డ్రమ్ సెట్టు కట్టుకుని పోయేవాడు. అట్లా జనగామలో ఒక సభకు నన్నూ రమ్మన్నాడు. మా ఊరే కాబట్టి వెళ్లాను.

ఆ సభలోనే మొదటిసారి అతన్ని చూశాం. బచ్చన్నపేట వైపు పల్లె. డిగ్రీ మధ్యలో మానేసిన యువకుడు. నల్లగా, సన్నగా, మెడలో డప్పు. స్టేజీ పక్కన చిన్న మంట పెట్టి డప్పు కాచుకుంటూ కూర్చున్నాడు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. పాటలు మొదలయ్యాక మైకు చెడిపోయింది. పాడుతున్న ఆమె గొంతు అంత జనంలో ఎవరికీ అందడం లేదు. మిగతా డప్పులవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. ఈ అబ్బాయి మాత్రం చేయి ఎత్తి వాళ్లందరినీ ఆపాడు. చేతిలోని సన్నపుల్లతో డప్పు అంచు మీద మెల్లగా, ఆమె మాటకూ మాటకూ మధ్య మాత్రమే కొట్టసాగాడు. జనం చెవులు రిక్కించారు. మైదానం సద్దుమణిగింది. ఆమె గొంతు చివరి వరస దాకా పోయింది.

అన్న తన డ్రమ్ముల వెనక చేతులు ఒళ్లో పెట్టుకుని అతన్నే చూస్తూ ఉండిపోయాడు. సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి అన్నాడు.

"దర్జీ రెండుకు పోయిండు."

"ఇతను మన టేపుల లేడు గద."

"టేపుల ఉంటెనే డ్రమ్మరా?"

తరవాత రెండేళ్ల పాటు వాళ్లిద్దరూ ఎక్కడ సభ జరిగినా పక్కపక్కనే. జనగామ, బచ్చన్నపేట, మానుకోట. బయ్యారంలో ఇనుపరాయి ఉన్న గుట్టలు మావేనని ప్రజలు లేచిన రోజుల్లో అక్కడ. అన్న అతన్ని తమ్మి అనేవాడు. అతను నన్ను అక్కా అనేవాడు. ఒకసారి మానుకోటలో నా గదిలో అన్నం తింటూ తన ఇంటి సంగతి చెప్పాడు. వాళ్ల తాతా తండ్రీ ఊళ్లో ఎవరు చచ్చినా పోయి డప్పు కొట్టాల్సిందే. కాదనడానికి లేదు. ఇతను పదో తరగతిలో ఉండగా తండ్రి ఒకరోజు ఇక సావులకు కొట్టనని పెద్దల ముందు చెప్పాడు. ఊరు వాళ్లను పనికి పిలవడం మానేసింది. కిరాణం దుకాణంలో ఉప్పు కూడా ఇవ్వలేదు. అయినా తండ్రి దిగిరాలేదు. డప్పును అటక మీద పెట్టేశాడు.

"ఉద్యమంల కొడతన్నని చెప్తె మా బాపే అటక మీదికెల్లి తీసిచ్చిండక్కా," అన్నాడు. "సావుకు కాదు, బతుకుకు కొడుతున్నవు, పో అన్నడు."

గార్ల ఊళ్లో ఒక సభ జరిగినప్పుడు అతను నన్ను పక్కకు పిలిచాడు. చాయ్ హోటలు వెనక నిలబడ్డాం.

"అక్కా, అన్నకు ఇనబడ్తలేదు."

"తక్కువ ఇనబడ్తదని నాకు ఎర్కే."

"తక్కువ కాదు. పాట ఇంటలేడు. నా మోచెయ్యి జూసి కొడుతుండు. నేను జరుగుతె ఆయన చూపు గూడ జరుగుతది." చాయ్ గ్లాసు గోడ మీద పెట్టాడు. "నేను అన్నకు ఎదురుంగ నిలబడి కొడుతున్న ఇప్పుడు. జనానికి వీపు పెట్టి. ఏందిరా జనం దిక్కు తిరగవు అని అందరు తిడుతుండ్రు."

"నువ్వు ఆయనతోని మాట్లాడినవా?"

"మాట్లాడితె బందు జేస్తడు గదా అక్కా. మరి అన్న ఏం జేస్తడు, డ్రమ్ములు లేకుంటె?"

ఆ సాయంత్రం నేను స్టేజీ పక్కన నిలబడి చూశాను. అతను చెప్పినట్టే. అతని వీపు జనం వైపు, మొహం అన్న వైపు. పాట వేగం మారబోయే ముందు మోచేతిని కొంచెం పైకి లేపేవాడు. అన్న అందుకునేవాడు. కింద కూర్చున్న వాళ్లకు ఇద్దరూ ఒకటే మనిషిలాగా వినిపించారు.

ఆ రోజుల్లోనే పిల్లల చావులు మొదలయ్యాయి. చదువుకునే పిల్లలు, రాష్ట్రం రాదేమోనన్న దిగులుతో ప్రాణాలు తీసుకున్నారు. ఈ ఊళ్లో ఒకరు, ఆ ఊళ్లో ఒకరు. మా దవాఖానకు కూడా తెచ్చారు. తెచ్చేసరికే చేయడానికి ఏమీ మిగలని సంగతి నాకు అర్థమయ్యేది, బయట నిలబడ్డ తల్లిదండ్రులకు అయ్యేది కాదు. శవయాత్రలకు వేలమంది వచ్చేవాళ్లు. ముందర డప్పులు ఉండాల్సిందే. ఎక్కడ జరిగినా మొదట అతనికే కబురు వచ్చేది, ఎందుకంటే అందరికంటే బాగా కొట్టేది అతనే. అతను వెళ్లేవాడు. మొదట్లో పిడికిలి ఎత్తి నినాదాలిస్తూ కొట్టేవాడు. తరవాత నినాదాలు మానేశాడు. ఆ తరవాత అన్నం సరిగా తినడం లేదని అన్న చెప్పాడు.

జనగామ దగ్గరి ఒక ఊరిలో జరిగిన యాత్రకు నేను కూడా వెళ్లాను. చనిపోయిన పిల్లవాడి తల్లి మా దవాఖానలో కొన్నాళ్లు ఆయాగా చేసింది. పాడె లేస్తుండగా డప్పు మొదలైంది. ఆమె అందరినీ తోసుకుంటూ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ఏడవడం లేదు. గొంతు కూడా పెంచలేదు.

"కొట్టకు బిడ్డా. నా కొడుకు మీద కొట్టకు. నువ్వు కొడితె ఇంకొగడు లేస్తడు, వాడు గూడ గిట్లనే పోతడు."

నాయకులెవరో ఆమెను పక్కకు తీసుకుపోయారు. కొట్టు తమ్మీ, కానీ, అని అతని భుజం తట్టారు. అతను కొట్టలేదు. డప్పును మెడలోంచి తీసి చంకలో పెట్టుకుని, యాత్ర మొత్తం అందరి వెనక నడిచాడు. మిగతావాళ్లు కొట్టారు.

సాయంత్రం జనగామ స్టేషనులో మానుకోట రైలు కోసం నేనూ అన్నా కూర్చుంటే వచ్చాడు. అన్నకు ఎదురుగా, పెదవులు కనిపించేటట్టు చతికిలబడి, నెమ్మదిగా మాట్లాడాడు.

"అన్నా, నేనిగ కొట్ట."

అన్నకు అర్థమైంది. "ఏమైంది తమ్మీ? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలనలే. మా బాపు సావులకు కొట్టుడు బందు జేయడానికి ఉప్పు లేకుంట బతికిండు. నేనేం జేస్తున్న? ఊరు ఒక్కటి కాకపాయె, జిల్లా మొత్తం సావులకు నేనే కొడుతున్న. అందరు నా కన్న చిన్నోళ్లు."

"గవి వేరు, ఇవి వేరు."

"ఆ తల్లికి చెప్పు అన్నా, వేరని."

అతను హైదరాబాదు పోతున్నానన్నాడు. వాళ్ల ఊరివాళ్లు సెంట్రింగు పని చేస్తున్నారట అక్కడ. మేం మా రైలెక్కేటప్పుడు అన్న అతని తల మీద చేయి పెట్టాడు, అంతే.

అతను పోయాక అన్న కూడా మానేస్తాడనుకున్నాను. మానలేదు. ఎండలు ముదిరే వేళకు మానుకోటలో పెద్ద సభ పెట్టారు. బృందం వాళ్లు కబురు చేశారు. "తమ్మి లేడు గదా అన్నా, వద్దు," అన్నాను. మాట వినపడలేదో, విననట్టు చేశాడో తెలియదు. డ్రమ్ సెట్టు కట్టుకుని వచ్చాడు.

సభ మధ్యాహ్నం. జనం గోడల మీద, మేడల మీద కూడా ఉన్నారు. కొత్త డప్పులవాళ్లు అలవాటు ప్రకారం జనం వైపు తిరిగి నిలబడ్డారు. అన్నకు వాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడటం లేదు. నేను స్టేజీ కింద ముందు వరసలో ఉన్నాను. మొదటి పాట ఎట్లాగో గడిచింది. తెలిసిన దరువే. రెండో పాటలో, పాడే ఆమె ఒకచోట గొంతు తగ్గించి, నిదానంగా, చనిపోయిన పిల్లల గురించి చెప్పాలి. అక్కడ అందరూ తగ్గించారు. అన్న తగ్గించలేదు. అదే వేగం, అదే బలం. ఆమె వెనక్కి తిరిగి చేయి ఊపింది. అన్న తల వంచుకుని డ్రమ్ముల వైపే చూస్తున్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఆమె పాట ఆపేసింది. అన్న ఒక్కడే కొడుతున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఆ మోత ఎంత భయంకరంగా ఉందో చెప్పలేను.

నా వెనక ఎవరో నవ్వారు. "తాగొచ్చిండా ఏంది?" అన్నారొకరు. మా అన్న జీవితంలో చుక్క ముట్టలేదు.

ఎవరెవరో స్టేజీ ఎక్కబోతున్నారు. వాళ్లకంటే ముందు నేను ఎక్కాను. పక్క నుంచి పోయి అన్న చేతి మీద చేయి వేశాను. ఉలిక్కిపడి నన్ను చూశాడు. తరవాత పాడే ఆమెను, ఆగి ఉన్న డప్పులను, జనాన్ని ఒక్కొక్కటిగా చూశాడు. అందరి మొహాలూ తనవైపే ఉన్నాయి. పుల్లలను డ్రమ్ము మీద జాగ్రత్తగా పక్కపక్కన పెట్టి లేచాడు. నేను చేయి పట్టుకోబోతే విదిలించుకుని, ఒక్కడే మెట్లు దిగి పోయాడు.

ఆ తరవాత చాలా నెలలు నాతో మాట్లాడలేదు. నేనే పైకి ఎక్కి అందరికీ చూపించానని అనుకున్నాడు. అమ్మ బతిమాలితే వరంగల్ డాక్టరు దగ్గరికి మాత్రం వచ్చాడు. చెవిలో నరాలు రెండువైపులా దెబ్బతిన్నాయనీ, అవి తిరిగి రావనీ డాక్టరు చెప్పాడు. మిషను మోత దగ్గర ఇన్నేళ్లు చెవులకు ఏమీ పెట్టుకోకుండా ఎట్లా చేశావని అడిగాడు. ఏమైనా పెట్టుకోవాలని అన్నకు ఎవరూ చెప్పలేదు. చెవికి పెట్టుకునే మిషను రాసిచ్చాడు. అది పెట్టుకుంటే మాట రాదు, గరగర వస్తుందని అన్న నాలుగు రోజులకే తీసి డబ్బాలో వేశాడు. మానుకోట సభ సంగతి ఎట్లా పాకిందో పాకింది, కాంట్రాక్టరుకు కూడా చేరింది. వెనక డంపరు వచ్చినా వినపడనివాడిని గనిలో ఉంచలేమన్నాడు. అన్న భయపడ్డది భయపడ్డట్టే జరిగింది.

రాష్ట్రం కోసం అందరూ పనులు బందు పెట్టిన ఆ పెద్ద సమ్మెలో భూపాలపల్లి గనులు కూడా ఆగాయి. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. పేలుళ్లు లేవు, డంపర్ల రొద లేదు. మా వదిన వాకిట్లో నిలబడి, "పెండ్లయి వచ్చినకాడికెల్లి ఊరు గింత సల్లగ ఎప్పుడు లేదు వదినా," అంది. ఇళ్ల మీది మసి కూడా తగ్గినట్టనిపించింది. అన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. గని ఆగిందని ఎవరో చేతులతో సైగ చేసి చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

డ్రమ్ సెట్టును జనగామ చర్చికి పంపేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను వెళ్లేసరికి ఆ సగం గదిలో మంచం వేసి ఉంది.

రాష్ట్రం ఖాయమైన రోజు నాకు దవాఖానలో డ్యూటీ. మధ్యాహ్నం దాకా ఉండి బస్సు పట్టుకుని భూపాలపల్లి పోయాను. దారి పొడుగునా రంగులు, పటాకులు. బస్సులో ఉండగానే ఫోను మోగింది. హైదరాబాదు నుంచి అతను.

"అక్కా, వచ్చింది గదా."

"వచ్చింది తమ్మీ. నువ్వెట్లున్నవు?"

"ఉన్న. బిల్డింగు మీద ఉన్నం, కింద అందరు ఎగురుతుండ్రు. అన్నకు ఒక్కసారి ఫోనియ్యి."

"అన్న ఫోన్ల మాట్లాడలేడు తమ్మీ ఇప్పుడు. ఏమన్న ఉంటె నాకు చెప్పు, నేను చెప్త."

ఫోనులో పటాకుల మోత వినిపించింది.

"ఏం లేదక్కా. నేను యాదికున్ననా అని అడుగు," అన్నాడు.

ఇంటికి పోయి అన్న ముందు కూర్చుని, మాట మాట విడదీసి చెప్పాను. అన్న నవ్వాడు. ఒక వేలు ఎత్తి చూపించాడు. మొదటి స్థానం. ఇప్పటికీ మార్చలేదని. నేను ఫోను చేసి అతనికి ఆ సంగతి చెప్పాను. అతను సరే అక్కా అని పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడూ చేయలేదు. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. బచ్చన్నపేట వైపు వాళ్లెవరినైనా చూస్తే అడుగుతాను. ఎక్కడో పని మీద ఉన్నాడంటారు, ఏ ఊరో చెప్పలేరు.

ఆ సాయంత్రం ఊరేగింపు మా వీధి గుండా వచ్చింది. అన్న గేటు దగ్గర నిలబడ్డాడు. నేను పక్కన నిలబడ్డాను. ముందర డప్పులు, వాటిలో ఒక నడివయసు మనిషి, పెద్ద మీసాలు, ఒళ్లంతా గులాలు రంగుపొడి. అన్న అతని చేతులనే చూశాడు, కళ్లు చిన్నవి చేసి, పాతరోజుల్లో టేప్‌రికార్డరు ముందు కూర్చున్నట్టు. తరవాత నా చెవి దగ్గరికి వంగి, తనకు తెలియకుండానే అరిచాడు.

"వాడు ఉరుకుతుండు, జూడు. పక్కోళ్లను ఇంటలేడు."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆ మీసాల మనిషి ఉరకడం లేదు. అందరిలోకీ నిలకడగా కొడుతున్నది అతనే. నేను అన్న మొహంలోకి చూసి, అవునన్నట్టు తల ఊపాను. తృప్తిగా మళ్లీ ఊరేగింపు వైపు తిరిగాడు. నేను చీర కొంగుతో మొహం తుడుచుకున్నాను. గులాలు కళ్లలో పడిందనుకున్నాడు.

ఇప్పుడు అన్న ఒక ఇటుకల బట్టీలో కాపలా ఉంటున్నాడు. అమ్మ పోయింది. ఆలస్యంగా ఒక కూతురు పుట్టింది. మాటలు వచ్చిన దగ్గర్నించీ ఆ పిల్ల వాళ్లమ్మను నోటితో పిలుస్తుంది, తండ్రిని మాత్రం పిలవదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వచ్చి నిలబడి, ఆయన తనను చూసేదాకా ఆగుతుంది. ఒక్కోసారి ఆయన ఏదో ఆలోచనలో ఉండి చాలాసేపు చూడడు. అయినా ఆ పిల్ల అంగీ పట్టి లాగదు, కదలకుండా నిలబడే ఉంటుంది.